నల్లటి తెర ముందు

సాయంత్రంలోగా బొమ్మల సినిమా పంపాలి. భార్యాభర్తలిద్దరూ తమ పెద్ద ల్యాప్‌టాప్‌లో కొత్త ర్యామ్ మెమరీ చిప్ బిగించి, ఇప్పటికి మూడోసారి ఆన్ చేశారు. తెర నల్లగానే ఉంది.

“చచ్చింది! ఆపేస్తున్నా,” అన్నాడు భర్త.

“చెయ్యి తియ్యండి! ఇందాక రెండుసార్లు ఇలాగే కంగారుపడి ఆపేశారు. కొత్త ర్యామ్‌ని గుర్తుపట్టడానికి మొదటిసారి దానికి టైం పడుతుందట.”

“మన సినిమా మొత్తం అందులోనే ఉందే!”

“అందుకే చేతులు కట్టుకుని కూర్చోండి.”

“…తెరలో మనిద్దరం కనిపిస్తున్నాం, చూడు.”

“నీళ్ల అడుగున కూర్చున్నట్టున్నాం.”

“నువ్వు కళ్లజోడు ఎప్పుడు మార్చావు?”

“పోయిన చలికాలం. నయం, ఇప్పటికైనా చూశారు.”

“ఇలా పక్కపక్కన కూర్చుని ఎన్నాళ్లయిందో.”

“మాట్లాడకండి. బాగుంది.”

తెర వెలిగింది. సినిమా క్షేమంగా ఉంది. నల్లటి అద్దంలోని ఇద్దరూ మాయమయ్యారు.

“అయ్యో, అప్పుడే వచ్చేసిందా?” అంది భార్య.