షమాల్ అంటే యా పక్క

ఏంది అమరా, శుక్రవారం సావాసగాళ్లతో ఇసకదిబ్బలెక్కను పోతాండావంట? పో, నేనొద్దంటే ఇంటావా? ఏసోబు ఇన్న్యాడా? ఏసోబు యవరా... మా బద్వేలు పక్కోడులే, తొంభై అయిదులోనో ఆరులోనో నాతోపాటు ఒగే అరబ్బీ ఇంట్లో డ్రైవరు. మంచోడేరా, గానీ వానికి అన్నీ తెలుసు! అదీ వాని రోగం. "తిరుపాలన్నా, నువ్వు ఇన్నేండ్లుండి ఏం నేర్చినావు, నేనొచ్చి ఏడాది కాల్యా, అరబ్బీ దంచుతాండా" అనేవాడు. యాడ నేర్చినావురా అంటే, వంటజేసే సూడానోనికాడ. వాళ్ల దేశంలో ఎడమను షిమాల్ అంటారంట. ఒరే, ఈ ఊర్లో ఎడమంటే యసార్‌రా, షమాల్ అంటే ఇక్కడోళ్లకు ఉత్తరం, ఉత్తరపుగాలి అని చెప్తే, "అన్నీ ఒగటే పోన్నా" అని నగేవాడు. ఎట్ల సచ్చేది వానితో!

చలికాలమంతా దిబ్బలకాడ గుడారాలేసుకొని ఉంటారు గదా ఈ ఇండ్లోళ్లు. ఎండలు ముదరకముందే పీకేస్తారు. ఆ పొద్దు గుడారాలు రెండు పికప్పుల్లో ఏసుకొని మర్లుకుంటాండాం. ముందురోజు వాన పడింది. అదే మోసం చూడు, వాన పడితే ఇసక పైన అప్పడం మాదిరి గట్టిపడతాది, కింద ఒట్టి పిండి. గాలి కొట్టే ఉత్తరం పక్క ఎట్లయినా గట్టిగుంటాది. అవతలిపక్క గాలి తెచ్చి పోసిన ఇసక, చెయ్యి పెడితే జారతాది, ఆడ దిగగూడదు. మా యజమాని నాయన, ముసలాయన, దిబ్బల్లోనే పెరిగినోడు, ఇదంతా చెప్తానే ఉండె. ఏసోబు "ఐవా, ఐవా బాబా" అని తల ఊపుతానే ఉండె. ఏం అర్థమయిందో ఆ తలకు!

పడమటికి పోతాండామా, పొద్దు కండ్లల్లో పడతాండాది. వాని బండి దిబ్బ నెత్తిమీద ముందుంది. నా బండిలోంచి ముసలాయన దిగి అరిచినాడు, "షమాల్! షమాల్!" ఉత్తరానికి, అంటే కుడికి తిప్పాల్సినోడు ఎడమకు తిప్పె. బండి సగం దూరం జారి ఆగిపాయ. అప్పుడన్నా గమ్మున లోపల కూచోనుంటే తాడేసి లాగేవాళ్లం. కాదు, పార పట్టుకొని దిగె! దిగినోడు పైపక్క నిలబడొచ్చు గదా, బండికి కిందిపక్క నిలబడి తవ్వుతాండాడు. "ఒరే యెదవా, ఈపక్కకు రారా" అని గొంతు చించుకుంటి. "ఏం గాదులేన్నా" అని చెయ్యెత్తె. దిబ్బ ఆ పక్కంతా ఒక్కసారి కిందికొచ్చె, బండితో సహా.

చేతులతో తోడినాం. తోడేకొద్దీ పైనుంచి కారతానే ఉండె. దొరికేసరికి ఊపిరి లేదు. ముసలాయన నన్నడిగె, "ఉత్తరమని అంత అరిస్తే అట్లెందుకు తిప్పినాడు?" అని. చెప్తి, వానికి తెలిసిన అరబ్బీలో ఆ మాట ఎడమ అని. ఆయన ఇసకలో కూలబడి ఏడ్చినాడ్రా. ఆ పైన నేను వాళ్లింట్లో ఉన్నన్నాళ్లూ ఆయన నోట ఆ మాట రాలేదు. ఉత్తరపుగాలి ఎత్తుకుంటే చేత్తో చూపిచ్చేవాడు, అంతే. నాకు మాత్రం ఏసోబుమీద కోపం ఇంగా పోలా. ఒక్కసారి, ఏమన్నావు బాబా అని అడిగింటే ఏం పోయె వానికి...

సరేలే, టీ పెడతా. చక్కెర ఎంత?