రెండు వైపులా ఒకటే

అలా గుడ్లురిమి చూడకండి. దిండు సరిచేస్తున్నాను కదా, కాస్త ఆగండి. మాట పడిపోయి ఐదు నెలలైనా ఆ చూపు మాత్రం చెక్కుచెదరలేదు.

ఏంటి, కంప్యూటర్ వైపు వేలు చూపిస్తున్నారు? మీ నిఘంటువు గురించేనా? చెప్తానండీ. అది చెప్పడానికేగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

పదకొండేళ్లు. వడ్రంగుల దగ్గరా కమ్మర్ల దగ్గరా తిరిగి మీరు మాటలు రాసుకొచ్చేవారు. ఆ కోడిగీతలు చదివి టైపు కొట్టింది ఎవరు? నా మెడ ఎందుకు పట్టేసిందనుకున్నారు? మొన్న మీ ముందుమాట చదివాను. ప్రింటర్ బాగుచేసినవాడికి కూడా కృతజ్ఞతలు చెప్పారు. నేనెక్కడైనా ఉన్నానేమోనని రెండుసార్లు వెతుక్కున్నాను.

సరే, నిన్నటి సంగతి. కంప్యూటర్ నిండిపోయిందని మొరాయించింది. అలాంటప్పుడు మీరేమనేవారు? "అన్నీ సర్వర్‌లో భద్రంగా ఉన్నాయి, ఇక్కడివి తీసెయ్." ఇక్కడి నిఘంటువు ఫైళ్లన్నీ తీసేశాను. ఆరింటికి మీ రోజువారీ పని కూడా చెయ్యాలిగా మరి. తెర మీద ఎడమ పక్క మన కంప్యూటర్, కుడి పక్క ఎక్కడో ఉన్న సర్వర్, మధ్యలో రెండు వైపులా ఒకటి చేసే బటన్. కొత్త ఫైళ్లు పంపడానికి రోజూ నొక్కేది అదే. ఇక్కడ లేనిది అక్కడా ఉంచదని మీరే చెప్పారు.

నొక్కగానే ఏదో అడిగింది. మీ మాట లేకుండా నేను ఏదీ ముట్టుకోకూడదు కదా, పరిగెత్తుకుంటూ మీ దగ్గరికొచ్చాను. "ఏమండీ, ఏదో అడుగుతోంది, సరే అనమంటారా?" అన్నాను. గుర్తుందా? విసుక్కుంటూ చెయ్యి ఊపారు, నొక్కు, నా ప్రాణం తియ్యకు అన్నట్టు.

నొక్కాను. కుడి పక్క 'అ' నుంచి మొదలుపెట్టి ఒక్కో ఫైలే చెరిగిపోయింది. తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆపే బటన్ పక్కనే ఉంది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెడదామంటే ఎవడో కొట్టేస్తాడన్నారు. నోటు పుస్తకాలా? టైపయ్యాక ఇల్లు ఇరుకని పాత కాగితాలవాడికి వేయించింది ఎవరు?

ఏడుస్తున్నారా? ఉండండి, తుడుస్తాను.

ఒక్కటి దాచాను, అదీ చెప్పేస్తాను. అది అడిగింది నాకు బాగానే అర్థమైంది. సర్వర్‌లోని నాలుగు వేల ఫైళ్లు శాశ్వతంగా పోతాయి, సరేనా అని ఉంది. మీకు చదివి వినిపించలేదు. వినిపిస్తే వద్దంటారు కదా.

తెర ఇటు తిప్పనా? మీరు రోజూ కోరుకున్నట్టే ఉందండీ. రెండు వైపులా ఒకటే.