ఆరున్నొక్కటి

"ట్యూషనా? మా మనవరాలు ప్రసన్నకి ట్యూషనెందుకండీ, నేను చచ్చానా?" అంటూ వీర్రాజు గారు అచ్చాయమ్మ కొట్టు దగ్గర టీ గ్లాసు అందుకున్నారు. "రెండో తరగతి పిల్లకి లెక్కలు చెప్పలేనా నేను? ఇవాళ ఏలూరు లెక్కల పోటీలో అది ఓడిపోతే ఇక నేను దానికి లెక్కలు చెప్పకూడదని మా కోడలు షరతు పెట్టింది. ఎవరికి? నలభై ఏళ్ళు కుంచంతో ధాన్యం కొలిచిన నాకు! ఆ ట్యూషన్ మేడం ఇరవై మందిని అరుగు మీద కూలేసి తను ఫోన్ చూసుకుంటది. పిల్లలకీ ఫోన్లోనే ఆటంట, బెలూన్ పగిలితే లెక్కొచ్చినట్టంట! తిరనాళ్ళలో ఎన్ని బెలూన్లు పగల్లేదండీ, ఎవడికొచ్చింది లెక్క?"

"వీర్రాజు గారూ, ఒక్క మాట..." అన్నారు బెంజమిన్ మాస్టారు. పోటీకి పిల్లల్ని తీసుకెళ్ళిన ఆయన అప్పుడే బస్సు దిగి, వాళ్ళని ఇళ్ళకి పంపి, టీ తీసుకుని కూర్చున్నారు.

"ఉండండి మాస్టారూ. ఫస్టొచ్చిందని చెబుతారు, అంతేగా? ఎలా వచ్చిందో నేను చెబుతాను. రెండో ఎక్కం రెండు రోజుల్లో పట్టించానండి. చింతపిక్కలు పోసి, రెండేసి జరిపించి, అంతే. మూడో రోజు చేపల చెరువు గట్టు మీద కూర్చోబెట్టి 'రెండు రెళ్ళు నాలుగు' అనిపిస్తున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొంగలొచ్చి జంటజంటలుగా వాలాయి! జోడు దొరకని కొంగ ఒకటి సిగ్గుపడి ఆటపాక వైపు ఎగిరిపోయింది."

"కొంగకి సిగ్గేంటండీ?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న తాతారావు.

"నీకు లేదని కొంగకీ ఉండకూడదా? ఐదో ఎక్కం ఎత్తుకునేసరికి నీళ్ళలో బొచ్చెలు, శీలావతులు ఐదేసి చొప్పున వరస కట్టాయి. చేపల పట్టుబడి రోజున వల తియ్యలేదండీ, ఒట్టు! పిల్ల ఎక్కం చెబుతుంటే ఐదేసి ఎగిరొచ్చి ట్రేల్లో పడ్డాయి. ఒక వాలుగ ఆరోదిగా దూకబోతే మిగతావి దాని తోక పట్టి లాగేశాయి."

"ఐసు కూడా అవే వేసుకున్నాయా అండీ?" అంది అచ్చాయమ్మ.

"వెక్కిరించు, వెక్కిరించు. మొన్న వానలకి కొల్లేరు పొంగి రోడ్డెక్కిందా? మీరంతా ఇసక బస్తాలు మోస్తున్నారు, దండగ మనుషులు. నేను పిల్లని భుజానెక్కించుకుని పంతొమ్మిదో ఎక్కం వెనకనుంచి చెప్పించాను. నూట తొంభై, నూట డెబ్భై ఒకటి, నూట యాభై రెండు... అంకెకో అడుగు చొప్పున నీళ్ళు వెనక్కి! చివరికి కొల్లేరంతా ఉప్పుటేరు దాటి సముద్రంలో పడబోతుంటే, 'చాలమ్మా, చేపలకి కాసిని ఉంచు' అని నేనే ఆపాను. లేకపోతే ఇవాళ మీరు కొల్లేట్లో క్రికెట్ ఆడుకునేవాళ్ళు. అలాంటి పిల్లకి ఏలూరు పోటీ ఒక లెక్కా? ఇప్పుడు చెప్పండి మాస్టారూ, ఫస్టేనా?"

మాస్టారు గ్లాసు బల్ల మీద పెట్టారు.

"ఐదులోంచి నాలుగు తీస్తే ఎంతమ్మా అని అడిగారండీ. 'లాభం' అంది."

కొట్టు దగ్గరున్న వాళ్ళంతా ఘొల్లుమన్నారు.

"ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు కదండీ," అన్నారు మాస్టారు. " మీరు అదే నేర్పారు. అడిగినావిడది పట్నం, ఆవిడకేం తెలుస్తుంది? తర్వాత మూడూ నాలుగూ కలపమన్నారు. 'ఆరున్నొక్కటి' అంది. ఆ అంకె పేరు చెప్పమ్మా అని నాలుగుసార్లు బతిమాలారు. 'అది నోటితో అనకూడదండీ, అంటే ఇంట్లో అందరూ ఏడవాలంట, తాత చెప్పాడు' అని పెదాలు బిగించేసింది."

"అది... కుంచం దగ్గర ఆ మాట అనకూడదు కదండీ మాస్టారూ," అన్నారు వీర్రాజు గారు. గొంతు సగానికి సగం పడిపోయింది.

"పోటీలో కుంచం లేదు కదండీ. పిల్లకి జవాబు తెలుసు. మీ మీద గౌరవంతో చెప్పలేదు," అని మాస్టారు సంచీ భుజాన వేసుకుని లేచారు. "ఎంత అడిగినా ఏడు అనలేదండీ. ఏలూరు నుంచి ఇక్కడిదాకా ఏడుస్తూనే వచ్చింది."