భుజం మీది చెయ్యి

అనంతపురంలో జిలాన్ బాషా ఫొటో స్టూడియో. 2006 వేసవి. కంప్యూటర్ తెర మీద సైనికుల గ్రూపు ఫొటో. దాని ముందు బాషా, పక్కన స్టూలు మీద కుందుర్పి నుంచి వచ్చిన ఓబమ్మ.

“నడిమధ్య ఉండే ఈ మీసాల పెద్దాయన ఎవరు పెద్దమ్మా?”

“మిలిట్రీలో పెద్దాఫీసరంట. ఆయప్పను తీసెయ్ బాషా.”

“తీసేస్తా. మనోడు యాడుండాడు?”

“ఈ పక్క. మా కుళ్ళాయప్ప. ఎట్ల నగుతాండాడో చూడు. ఎల్లుండికి వాడు పోయి ఏడాది. ఫొటోకు దండెయ్యాల.”

“ఆఫ్రికాలో కదా...”

“ఆ. మనోళ్ళు, ఇంగో దేశం మిలిట్రీ వాళ్ళు, కలిసి కాపలా కాసేది. ఆయప్ప చూసేకొచ్చి అందర్నీ జతలుగా నిలబెట్టినాడంట. మనోడొకడు, వాళ్ళోడొకడు. ఆ పొద్దు మావోడే ఉగ్గాని చేసినాడంట. ఆఫీసరు రెండు తూర్లు పెట్టిచ్చుకోని తిన్నాడని జాబు రాసినాడు.”

“అయితే మనోని భుజం మీద ఈ చెయ్యి...”

“తీసెయ్.”

“ఎవరిది?”

“ఎవరిదో. తీసెయ్ అంటి కదా.”

“ఈ పక్కనుండే పిల్లోనిదేనా?”

“బతికుండేవాళ్ళకు దండెయ్యకూడదప్పా. ఏలు కూడా కనపడకూడదు. వానికీ ఒక అమ్మ ఉంటాది కదా.”

“సరే, సరే. చొక్కా రంగు దిద్దుతా ఉండు... ఆ, పోయింది. చూడు.”

“ఉండు, దగ్గరికి జరిగి చూస్తా.”

“పెద్దమ్మా? బాగలేదా?”

“ఒగడే అయిపాయె.”

“ఏమి?”

“నా కొడుకు. ఒగడే నిలబడుకోనుండాడు చూడు. మళ్ళ పెట్టు.”

“ఏంది పెట్టేది?”

“చెయ్యి. ఆ చెయ్యి మళ్ళ పెట్టప్పా.”

“ఎవరిదో అంటివే!”

“దానియేలని, మావోని జతగాడు, ఆ పక్కనుండే పిల్లోనిది. మావోనికి తూటా తగిలినాక ఈపున ఏసుకోని రెండు మైళ్ళు నడిచినాడంట. పెట్టె తెచ్చినోళ్ళు చెప్పినారు. దావలోనే పాయె నా కొడుకు. నేను లేను, వాళ్ళ నాయన లేడు. ఆ చెయ్యే ఉన్నింది బాషా. ఆ చెయ్యొకటే...”

“ఏడవాకు పెద్దమ్మా. పెట్టేస్తా. ఆ పిల్లోన్నీ నిలువునా పెట్టేస్తా. మరి... దండ?”

“ఎయ్యను.”

“ఎయ్యకుంటే ఎట్ల?”

“ఆ బిడ్డ బతకాల. ఎయ్యను.”

“దండ లేకుంటే, చూసినోళ్ళు మనోడు గూడా బతికుండాడు అనుకుంటారు పెద్దమ్మా.”

“అనుకోనీ.”