ఎర్ర చుక్క

ఎలుగుబంటి జాడ తెలియడానికి పరిశోధకురాలు దాని మెడకు కట్టిన రేడియో కాలర్‌ని తోటరైతు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఆమె దాన్ని ఒకసారి తిప్పి చూసింది.

"ఎవరు చంపారు బాబాయ్?"

"ఎవరని చెప్పనమ్మా? ఊరు ఊరంతా కదిలింది."

"అది ఎవరి జోలికీ రాదని, పగలంతా గుహలోనే పడుకుంటుందని పటం వేసి మరీ చూపించానే!"

"చూపించావు. అందరూ బుద్ధిగా విన్నారు."

"మరి భయం పోలేదా?"

"పోబట్టే వెళ్ళారు. అంతకుముందు అదెక్కడుంటుందో ఎవరికి తెలుసు?"

గోడ మీది పటంలో, గుహ దగ్గర, ఆమె పెట్టిన ఎర్ర చుక్క అలాగే ఉంది.

"దానికి రెండు పిల్లలున్నాయమ్మా. పొదల్లోకి దూరడం నేనొక్కణ్ణే చూశాను."

"పాలు లేకుండా ఎన్నాళ్ళు బతుకుతాయి? ఎక్కడ బాబాయ్?"

రైతు కాలర్ వంక చూశాడు.

"నీకు మాత్రం చెప్పనమ్మా."