మాటను మింగని గుర్తు

అధ్యక్షులు త్రిమూర్తులు గారికి, సత్యవేణితో ముప్పై రెండేళ్లు పనిచేసి ఇవాళ పదవీ విరమణ రోజున ఆమెను సాగనంపడానికి వచ్చిన ఫ్యాక్టరీ మిత్రులకు, మా హామ్ రేడియో క్లబ్ సభ్యులకు, వెనక వరసలో బగారన్నం వాసన వైపు తిరిగి కూర్చున్న పెద్దలకు కూడా నమస్కారాలు. (నవ్వులు) నా పేరు ఉమామహేశ్వర్. రైల్వే సిగ్నల్ విభాగంలో చేసి రిటైరయ్యాను, ఉండేది నాచారంలో. త్రిమూర్తులు గారు నాకు అయిదు నిమిషాలే ఇచ్చారు. అయ్యా, నా సంగతి మీకు తెలిసిందే, దయచేసి గడియారం చూడకండి.

ఫ్యాక్టరీలో ఆమె పని గురించి మీరంతా చెప్పారు. నేను చెప్పేది ఆదివారాల సంగతి. సత్యవేణి, నేను, మా క్లబ్ వాళ్లం పరీక్ష రాసి, ప్రభుత్వ లైసెన్సు తీసుకుని, సొంత రేడియో సెట్లతో ఒకరితో ఒకరం మాట్లాడుకుంటాం. చేతి సెట్టులో మాట ఇళ్ల మధ్య ఎంతో దూరం పోదు. అందుకని నాచారంలో ఒక అయిదంతస్తుల భవనం మీద, నీళ్ల ట్యాంకు పక్కన, రిపీటర్ పెట్టుకున్నాం. అది మన మాట విని అప్పటికప్పుడే మళ్లీ బలంగా పంపిస్తుంది. ఘట్‌కేసర్‌లో ఉన్నవాడు ఉప్పల్‌లో ఉన్నవాడితో మాట్లాడగలిగేది దాని పుణ్యమే.

2008 వేసవిలో లైసెన్సు ఇచ్చిన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మీ రిపీటర్ తానెవరో చెప్పుకోవడం లేదు, కొన్ని నిమిషాలకొకసారి దాని కాల్‌సైన్, అంటే లైసెన్సులో ఇచ్చిన గుర్తింపు పేరు, దానంతటదే వినిపించాలి, నెలలోగా సరిచేయండి, లేదా ఆపేయండి అని. తప్పు మాదే. మీటింగు పెట్టుకున్నాం. నేను ముందే సిద్ధమై, నా గొంతుతో ఒక ప్రకటన రికార్డు చేసుకుని వెళ్లాను: నమస్కారం, మీరు వింటున్నది ఫలానా రిపీటర్, అంటూ పదకొండు సెకన్లు. స్టేషన్లో అనౌన్స్‌మెంటులా ఉందని అందరూ చప్పట్లు కొట్టారు. సత్యవేణి మాత్రం మూల కుర్చీలోంచి లేచింది.

"అన్నా, నీ గొంతు మస్తుగున్నది. కని ఎవలన్న ఆపతిల ఉండి మాట్లాడుతుంటే, మధ్యల నీ ముచ్చట పడితే ఎట్ల?"

"పదకొండు సెకన్లే గద, జర ఆగుతరు తియ్యి," అన్నాను.

"ఆపతి ఆగదు గదన్నా."

ఆమె చెప్పిన ఉపాయం మోర్స్ కోడ్. చిన్న కూతలతో, మనుషుల మాట కింద సన్నగా నడిచిపోయే గుర్తు. "తంతి కాలం ఎన్నడో పోయింది తల్లీ" అని నేను ఎగతాళి చేశాను. ఆమె వాదించలేదు. వచ్చే ఆదివారం ఏఎస్ రావు నగర్‌లో తన ఇంటికి అందరినీ రమ్మంది.

వెళ్తే చేతికి తలా ఒక కాగితం, పెన్నూ ఇచ్చింది. మా రంజిత్, అదిగో కెమెరా పట్టుకుని నిలబడ్డాడే, అతను పక్క గదిలోంచి రేడియోలో ఇంటి నెంబర్లు చదవడం, మేం రాసుకోవడం. మొదట మధ్యలో నా ప్రకటన వేసింది. ఇరవై నెంబర్లలో ఏడు తప్పు రాశాను, నా గొంతు వల్ల నేనే! (నవ్వులు) తర్వాత కూతలు వేసింది. మూడు తప్పులు. ఆమె దాన్నీ ఒప్పుకోలేదు. స్వరం దించింది, చప్పుడు తగ్గించింది, మళ్లీ రాయించింది. అలా మూడు ఆదివారాలు. ఆఖరికి ఇరవైకి ఇరవై సరిపోయాయి, కూత కూడా తెలిసినవాళ్లకు స్పష్టంగా అందింది. "ఇగ ఇదే," అంది.

ఆ కూత వేసే సర్క్యూట్ బోర్డును తనే తయారుచేసి, ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో బిగించి, కొంగు నడుముకు చుట్టి, ఇనుప నిచ్చెన ఎక్కి తనే అమర్చింది. మొదటిరోజు అది ఆగకుండా కూస్తూనే ఉంది. తన కూతనే ఎవరో మాట్లాడుతున్నారనుకుని మళ్లీ మళ్లీ పేరు చెప్పుకోసాగింది. నిజం చెప్పాలంటే నేను సంతోషించాను. ఆమె ట్యాంకు నీడలో కూర్చుని, సాయంత్రం నాలుగింటికల్లా సరిచేసి దిగింది.

ఆ ఆగస్టులో వాన పట్టుకుంది. ఉప్పల్‌లో పల్లపు బస్తీలు మునిగాయి, కరెంటు లేదు, సెల్‌ఫోన్లు పనిచేయలేదు. పొద్దున పదకొండింటికి నేను నాచారంలో సెట్టు ముందు కూర్చుని ఉన్నాను. రంజిత్ నడుం లోతు నీళ్లలోంచి మాట్లాడుతున్నాడు: "కౌసల్యమ్మ, డెబ్బై ఏండ్లు, ఊపిరి ఆడుతలేదు, ఆక్సిజన్ గావాలె, అడ్రస్ రాసుకో అన్నా..." సరిగ్గా అప్పుడే కూత మొదలైంది.

ఆ కూత వెళ్తూనే ఉంది, దాని మీదుగా అతని మాట వస్తూనే ఉంది. వీధి, ఇంటి నెంబరు, రెండో అంతస్తు, ఒక్క అక్షరం పోలేదు. వెంటనే అతని సెట్టులో బ్యాటరీ అయిపోయింది. మళ్లీ అడగడానికి అవతల మనిషి లేడు. నేను రాసుకున్న కాగితం పట్టుకుని ఫైర్ స్టేషన్‌కు పరుగెత్తాను. వాళ్లు తాళ్లు కట్టుకుని వెళ్లి కౌసల్యమ్మను దవాఖానాకు చేర్చారు. ఆమె ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. ఆ రోజు అక్కడ నా పదకొండు సెకన్లే ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలదు.

ఇక అసలు చెప్పాల్సింది. వానలు తగ్గాక పత్రికవాళ్లు వచ్చి, ఈ ఏర్పాటు ఎవరు చేశారని అడిగారు. "మేం చేశాం," అన్నాను. నా ఫొటోతో, నా పేరుతో పడింది. సభ పెట్టి శాలువా కప్పారు, కప్పించుకున్నాను. సత్యవేణి ఆ సభలో మూడో వరసలో కూర్చుని ఉంది. అయిదేళ్లు దాటింది, నేను ఆ ముక్క సరిదిద్దలేదు.

మొన్న ఈ ప్రసంగం కోసం ఆమె దగ్గరికి వెళ్లి, కోపం రాలేదా అని అడిగాను.

"ఎందుకు రాలే? శానా వచ్చింది. మూడు దినాలు సెట్టు ముట్టలే. నాలుగో దినం డబ్బాల నీళ్లు జేరినయేమోనని ఫికరైతే ట్యాంకెక్కిన."

అందుకని అందరి ముందూ, ఈ మైకులోనే చెబుతున్నాను. ఆ గుర్తును ఎంచింది సత్యవేణి. తయారుచేసింది సత్యవేణి. నిచ్చెనెక్కి పెట్టింది సత్యవేణి. నేను దాన్ని వద్దన్నవాణ్ని. పత్రికకూ రాసి పంపాను. వాళ్లు వేసినా వేయకపోయినా క్లబ్ రికార్డులో నిన్ననే దిద్దాను, క్లబ్ అధ్యక్షులుగా త్రిమూర్తులు గారు సంతకం పెట్టారు.

అమ్మా, చెయ్యి ఊపి ఆపకు, అయిపోయింది. నువ్వు చేసిన మేలుకు, నన్ను ఇన్నాళ్లు అన్నా అనే పిలిచినందుకు కృతజ్ఞతలు. ఓపికగా విన్న మీ అందరికీ వందనాలు. ఇప్పుడు చప్పట్లు కొట్టేటప్పుడు దయచేసి ఇటు చూడకండి, ఆమె వైపు తిరిగి కొట్టండి. నేను సెలవు తీసుకుంటాను.