ల్యాబ్ అక్క ఆదివారాలు

ముప్పై నాలుగేళ్ల కిందట, జూన్ రెండో తేదీ ఉదయం ఏడున్నరకు, అందరూ ల్యాబ్ అక్క అని పిలుచుకునే మా సహోద్యోగిని ఈ మిషన్ ఆసుపత్రిలో టెక్నీషియన్‌గా చేరారు. ఈ నెల ముప్పయ్యిన పదవీ విరమణ చేస్తున్నారు.

ఆనాటి ల్యాబు మెట్ల కింది గది. ఒక కిటికీ, ఒక మైక్రోస్కోపు, మోకాలితో నెడితే తప్ప తలుపు పడని ఫ్రిజ్. మెట్ల మీద అడుగుల చప్పుడును బట్టి ఎవరు దిగుతున్నారో ఆమె తల ఎత్తకుండానే చెప్పేవారు. ఆ గదిని చూసినవాళ్లు పంతొమ్మిదేళ్ల కిందట కట్టినదాన్ని నేటికీ కొత్త ల్యాబు అనే అంటారు.

అక్క చేరిన పదకొండో ఏట ల్యాబులోని రెండో టెక్నీషియన్ ఉద్యోగం మానేశారు. అక్క ఇరవై ఆరు రోజులు సెలవు లేకుండా పనిచేశారు. ఆదివారం ఆరాధన ముగియగానే బైబిలు సంచితోనే ల్యాబుకు వచ్చేవారు. దర్జీ పని చేసే ఆమె భర్త, "ఇంటికి కూడా చుట్టపుచూపుగా వచ్చిపోతూ ఉండు" అనేవారు.

సూది గుచ్చే ముందు రోగిని పేరు అడగడం ఆమె నియమం. ఇరవై ఆరో రోజున అడగలేదు. కాన్పుల వార్డులో ఇద్దరు బాలింతలు కిటికీ గాలి కోసం మంచాలు మార్చుకున్నారు. అక్క ముందే పేర్లు రాసి పెట్టుకున్న గొట్టాల్లో మంచాల వరుసనే రక్తం తీశారు. వారిలో ఒకరికి రక్తం ఎక్కించబోతూ నర్సు గ్రూపు పైకి చదివితే, ఆ బాలింత తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"మా అమ్మాయిది అది కాదమ్మా. మొదటి కాన్పులో ఓ పాజిటివ్ అని రాశారు."

అక్క మళ్లీ రక్తం తీసి పరీక్షించారు. తల్లి చెప్పిందే నిజం. ఎవరికీ హాని జరగలేదు. తప్పు తనదని అక్కే రిజిస్టరులో రాశారు. సాయంత్రం ఆసుపత్రి పాస్టరుగారు ల్యాబుకు వచ్చేసరికి ఆమె స్టూలు మీద కూర్చుని ఉన్నారు.

"సేవే కదా అనుకున్నాను అయ్యగారూ."

"సేవే తల్లీ. ఏడో రోజున దేవుడే పని ఆపాడు. నువ్వు ఆపకూడదా?"

"నేను ఆపితే రోగం ఆగుతుందా?"

"ఆగదు. అందుకే ఇంకొకరికి నేర్పు."

ఇద్దరు నర్సులకు గ్రూపు పరీక్షతో పాటు అత్యవసర పరీక్షలన్నీ నేర్పడానికి మూడు నెలలు పట్టింది. తర్వాత వచ్చిన ఆదివారం అక్క ఆరాధన నుంచి నేరుగా ఇంటికి వెళ్లారు. మధ్యాహ్నంలోగా రెండుసార్లు చెప్పులు వేసుకున్నారని, రెండుసార్లూ విప్పారని ఆమె భర్త చెబుతారు. ఆ రోజు ల్యాబుకు ఏడు పరీక్షలు వచ్చాయి. నర్సులే చేశారు.

ఆనాటి నుంచి ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లు పద్నాలుగు మంది. అందరూ సూది గుచ్చే ముందు పేరు అడుగుతారు.

ఆ దంపతులకు దేవుడు ఆరోగ్యాన్ని, నిండు ఆయుష్షును, తీరిగ్గా కలిసి భోంచేసే ఆదివారాలను ఇవ్వాలని మా అందరి ప్రార్థన.

విరమణ తర్వాత జీతం లేకుండా వచ్చి నేర్పుతానని అక్క పోయిన వారం సూపరింటెండెంటుగారికి చెప్పారు. వారానికి ఐదు రోజులు రమ్మని ఆయన అడిగారు. ఆమె రెండు రోజులు రాసి సంతకం చేశారు: మంగళవారం, శుక్రవారం.